బ్రేకర్ కొట్టే బాబాయికి చెవులు వినపడట్లేదు, వేళ్లు తిమ్మిర్లు.. ఏ గ్లవ్స్ కొనమంటారు?

ప్రశ్న: నమస్తే సార్. మాది శ్రీకాకుళం జిల్లా, ఎనిమిదేళ్ల క్రితం హైదరాబాద్ వచ్చేశాం. నార్సింగి, కోకాపేట వైపు అపార్ట్‌మెంట్లలో బ్రేకింగ్, చిప్పింగ్ పనులు గుత్తకి పట్టి చేయిస్తుంటాను, నా దగ్గర ఆరుగురు ఉన్నారు. మా సొంత బాబాయి కూడా నాతోనే చేస్తారు, వయసు 46, కాంక్రీట్ పగలగొట్టే బ్రేకర్ మెషీన్ పట్టి 15 ఏళ్లు. ఈ మధ్య పిన్ని పక్క గదిలోంచి పిలిస్తే పలకట్లేదు, టీవీ వీధి చివరికి వినపడేంత పెడుతున్నారు, రాత్రి పడుకుంటే చెవిలో కీచుమని మోత అంటున్నారు. వేళ్లు తిమ్మిర్లు, మొన్న టీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. ఆర్‌ఎంపీ బీకాంప్లెక్స్ సూదులు వేశాడు, తేడా లేదు. నేను ఆన్‌లైన్‌లో యాంటీ వైబ్రేషన్ గ్లవ్స్ చూశా, రేటు గట్టిగానే ఉంది, అయినా ఆరు జతలు కొనేద్దామనుకుంటున్నా. ఇయర్ ప్లగ్స్ ఇస్తే ఎవరూ పెట్టుకోవట్లేదు, వెనకాల బండి హారన్ వినపడదు అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: తమ్ముడూ, గ్లవ్స్ ఆర్డర్ పెట్టేసి ఉంటే క్యాన్సిల్ చేసేయ్. ఆ డబ్బుతో చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి, అవి చెప్తా. నేను ఇరవై ఏళ్లకి పైగా సైట్లలో సేఫ్టీ పని చూసినోణ్ణి, నా మొదటి ఐదేళ్లు నేను కూడా నీలాగే ఏదో ఒకటి కొనిచ్చేస్తే పనైపోతుంది అనుకున్నవాణ్ణే.

ముందు బాబాయి సంగతి. రేపట్నుంచి ఆయన్ని బ్రేకర్ మీద పెట్టకు. పనిలోంచి తీసేయమని కాదు, మెషీన్ మీంచి దించమని. 15 ఏళ్ల అనుభవం ఉన్న మనిషి, ఎక్కడ కొడితే ఎలా పగులుతుందో, లోపల కడ్డీ ఎటు పోయిందో చెప్పగలడు, మార్కింగ్, కుర్రాళ్ల మీద నిఘా, కొలతలు ఆయనకి అప్పజెప్పు, కూలి మాత్రం తగ్గించకు. తగ్గించావంటే నెల తిరక్కుండా వేరే వాళ్ల దగ్గర మళ్లీ బ్రేకరే పడతాడు, నువ్వు చూసుకోవడం అక్కడితో అయిపోయింది.

తర్వాత కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకెళ్లి వినికిడి టెస్టు చేయించు, ఆడియోమెట్రీ అంటారు. ఇక్కడో చిన్న కిటుకు ఉంది, చాలామంది డ్యూటీ దిగి నేరుగా టెస్టుకి వెళ్తారు, అప్పుడు చెవి ఆ రోజు మోతకి మొద్దుబారి ఉంటుంది కాబట్టి రిపోర్ట్ ఉన్నదానికంటే అధ్వానంగా వస్తుంది. సోమవారం పొద్దున తీసుకెళ్లు, ఆదివారం అంతా చెవికి రెస్ట్ దొరుకుతుంది. రిపోర్ట్‌లో గ్రాఫ్ ఇస్తారు కదా, అందులో 4000 అని ఉన్న గీత దగ్గర గుంటలా కిందికి దిగి 8000 దగ్గర మళ్లీ కాస్త పైకి లేస్తే అది మోత వల్ల పోయిన చెవి అని దాదాపు చెప్పేయొచ్చు, వయసు వల్ల పోయేదైతే ఆ గుంట ఉండదు, కిందికి జారుతూనే పోతుంది. డాక్టర్‌కి మాత్రం బ్రేకర్ పని, 15 ఏళ్లు అని నోరు తెరిచి చెప్పండి, వాళ్లు అడక్కపోయినా చెప్పండి. మధ్యలో ఎవరో ఒకరు చెవిలో గోరువెచ్చని నూనె పొయ్యమంటారు, గుబిలి తీయిస్తే సరిపోతుందంటారు, గుబిలి ఉంటే డాక్టరే తీస్తాడులే గానీ, ఇది గుబిలి జబ్బు కాదు.

ఎందుకంటే దెబ్బ తగిలింది బయట చెవికి కాదు. కర్ణభేరి వెనకాల, లోపలెక్కడో నత్తగుల్ల లాంటిది ఉంటుంది, దాంట్లో సన్నటి వెంట్రుకల్లాంటివి శబ్దానికి ఊగుతూ నరానికి కబురు పంపిస్తాయి. వరి చేలో ఒకసారి నడిస్తే మొక్క వంగి మళ్లీ లేస్తుంది, రోజూ అదే దారిన నడిస్తే ఇంక లేవదు, బాట పడిపోతుంది, ఇదీ అంతే. మొదట్లో సాయంత్రం చెవి దిబ్బడేసినట్టుండి పొద్దున్నకి తేరుకుంటుంది, కొన్నేళ్లకి తేరుకోవడం మానేస్తుంది. ఇంకోటి, చెవి మొత్తం ఒకేసారి పోదు, సన్నటి శబ్దాలు ముందు పోతాయి. స, ష, త, ప లాంటి అక్షరాలు, ఆడవాళ్ల గొంతులు, పిల్లల మాటలు. అందుకే చూడు, నువ్వు సైట్‌లో బాబాయ్ అని అరిస్తే వెనక్కి తిరుగుతారు, పక్క గదిలోంచి పిన్ని పిలిస్తే పలకరు. పిన్ని ఏమో కావాలనే పలకట్లేదు అనుకుంటుంది, ఇంట్లో గొడవలు. (ఈ ముక్క పిన్నికి తప్పకుండా చెప్పు, నేను చూసిన చాలా ఇళ్లలో చెవి పోయిందని తెలిసేలోపు మొగుడూ పెళ్లాల మాటలు పోయాయి.) పోయింది సూదులతో మందులతో తిరిగి రాదు, కాకపోతే మోత ఆపితే ఇంకా పోకుండా ఉంటుంది, డాక్టర్ అవసరమంటే వినికిడి మిషన్ పెట్టించుకోవచ్చు.

వేళ్ల సంగతి ఇంకా తిరకాసు. మనవాళ్లలో షుగర్ ఎక్కువ, తిమ్మిరి అనగానే షుగర్ అనో మెడ నరం అనో వదిలేస్తారు. షుగర్ టెస్ట్ చేయించు, తప్పులేదు, చేయించాలి కూడా. కానీ షుగర్ తిమ్మిరి మామూలుగా అరికాళ్ల నుంచి మొదలవుతుంది, బ్రేకర్ తిమ్మిరి వేళ్ల కొసల నుంచి మొదలవుతుంది, కొందరికి రాత్రి పడుకున్నాక కూడా ఉంటుంది. ఇంట్లోనే ఓ చిన్న పరీక్ష చేయి. నున్నటి గచ్చు మీద రూపాయి బిళ్ళ వేసి గోరుతో కాకుండా వేలి కొసలతో తియ్యమను. చొక్కా గుండీలు చూడకుండా పెట్టుకోమను. ఐదు నోట్లు ఇచ్చి లెక్కపెట్టమను. తడబడుతుంటే నరాల డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే, బీకాంప్లెక్స్‌తో టైం వేస్ట్.

ఈ జబ్బు కొత్తదేం కాదు. 1918లో అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ ఇండియానా రాష్ట్రం బెడ్‌ఫర్డ్ ఊళ్లో సున్నపురాయి చెక్కేవాళ్ల దగ్గరికి వెళ్లి చూసింది, గాలి సుత్తులు పట్టేవాళ్ల వేళ్లు చలికి తెల్లగా పాలిపోయి, మొద్దుబారిపోయి ఉన్నాయి. చలి దేశాల్లో దీనికి తెల్ల వేళ్ల జబ్బు అనే పేరు. మనకి ఇబ్బంది ఎక్కడంటే ఇక్కడ ఎండలు, వేలు తెల్లబడటం అంతగా కనిపించదు, డిసెంబర్‌లో తెల్లారుజామున బండి మీద వెళ్లేటప్పుడు ఎప్పుడైనా కనపడొచ్చు. తెల్లబడట్లేదు కాబట్టి జబ్బు లేదు అనుకుంటాం, లోపల నరం మాత్రం దాని పాటికి అది పాడైపోతూనే ఉంటుంది. బీడీ, సిగరెట్ అలవాటు ఉంటే రక్తనాళాలు ఇంకా ముడుచుకుపోతాయి, ఆ మాట బాబాయికి నువ్వు చెప్తే వింటాడో లేదో గానీ డాక్టర్ చేత చెప్పించు.

ఇప్పుడు గ్లవ్స్ ఎందుకు వద్దన్నానో చెప్తా. ఆ గ్లవ్‌లో ఉండే మెత్త, సన్నటి గరగర వైబ్రేషన్‌ని కొంత ఆపుతుంది. బ్రేకర్ కొట్టే దెబ్బ అలాంటిది కాదు, బరువుగా నెమ్మదిగా దడదడమని వచ్చేది, అది గ్లవ్‌ని దాటుకుని మోచేతి దాకా పోతుంది. పైగా మందం గ్లవ్ వేసుకుంటే పట్టు దొరక్క ఇంకా గట్టిగా పిసికి పట్టుకుంటారు, గట్టిగా పట్టుకుంటే వైబ్రేషన్ ఇంకా ఎక్కువ ఎక్కుతుంది. మామూలు గ్లవ్స్ ఇవ్వు, గీరుకోకుండా, చలికాలం చెయ్యి వెచ్చగా ఉండటానికి అవి చాలు.

మరి ఆపేది ఏంటంటే గడియారం. బ్రిటన్‌లో 2005లో దీనికో రూల్ తెచ్చారు, నేను లెక్కకి అదే వాడతా. మెషీన్ బుక్‌లెట్‌లో వైబ్రేషన్ అని ఒక అంకె ఉంటుంది, మీటర్ పర్ సెకండ్ స్క్వేర్ అని. ఆ అంకె 5 ఉంటే రోజుకి 8 గంటలు పట్టుకోవడం ఆఖరి హద్దు. అంకె రెట్టింపై 10 అయితే 4 గంటలు అనుకుంటాం కదా, కాదు, 2 గంటలే. రెట్టింపైతే టైం నాలుగో వంతుకి పడిపోతుంది, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. 14 అయితే గంట. అది కూడా హద్దు మాత్రమే, జాగ్రత్త మొదలెట్టాల్సిన లెవెల్ ఆ 5లో సగం, 2.5, అంటే 10 అంకె ఉన్న మెషీన్‌కి అరగంట దాటగానే మొదలైపోతుంది. టైం అంటే డ్యూటీ టైం కాదు, ట్రిగ్గర్ నొక్కి ఉన్న టైం. ఇంకో మాట, బుక్‌లెట్‌లో అంకె కొత్త మెషీన్‌ది, నీ దగ్గర బుష్ అరిగిపోయి, చిజిల్ (ముందుండే ఉలి) మొద్దుబారి, హ్యాండిల్ రబ్బరు ఊడిపోయి సెల్లోటేప్ చుట్టిన మెషీన్‌ది కాదు. అది ఇంకా ఎక్కువే ఊపుతుంది.

చెవిది కూడా గంటల లెక్కే. మన కేంద్ర భవన నిర్మాణ కార్మికుల రూల్స్ 1998లోనే రాసుంది, మోత నుంచి, వైబ్రేషన్ నుంచి పనివాణ్ణి కాపాడాల్సింది పని ఇచ్చేవాడే అని, మోతకి 90 డెసిబెల్స్ (మోతని కొలిచే లెక్క) ఉంటే 8 గంటలు అని టేబుల్ కూడా ఇచ్చారు, దాంట్లో 5 పెరిగితే టైం సగం, అంటే 100 ఉంటే 2 గంటలు. అమెరికాలో నయోష్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ మాత్రం 85కి 8 గంటలు, 3 పెరిగితేనే సగం అంటుంది, ఆ లెక్కన 100 డెసిబెల్స్‌లో 15 నిమిషాలే. అదే బ్రేకర్, అదే చెవి, ఒక టేబుల్‌లో 2 గంటలు, ఇంకో టేబుల్‌లో పావుగంట. చెవికి ఏ దేశం పాస్‌పోర్ట్ ఉందో తెలీదు కాబట్టి నేను తక్కువ టైం ఇచ్చినవాడి మాటే వింటా. గదిలో బ్రేకర్ కొడితే 100 దాటడం మామూలే, గోడలన్నీ తిప్పి కొడతాయి కదా, గ్రైండర్‌తో టైల్స్ కోసేది కూడా తక్కువేం కాదు. మోత కొలిచే మీటర్ లేకపోతే మనిషికి మీటర్ దూరంలో నిలబడి మాట్లాడు, అరిస్తే తప్ప వినపడట్లేదంటే 90 దగ్గర్లో ఉన్నట్టు లెక్క.

కాబట్టి ఆరుగురిలో బ్రేకర్ పట్టేవాళ్లు ఇద్దరే ఉంటే కనీసం నలుగురికి నేర్పించు, పది పదిహేను నిమిషాలకి చెయ్యి మారాలి, ఏ ఒక్కడికీ రోజు మొత్తంలో ట్రిగ్గర్ టైం గంట దాటనివ్వకు. దాటే పని అయితే ఇంకో రోజు పెట్టుకో. దీనికి నువ్వేమంటావో నాకు తెలుసు, సార్ గుత్త పని, అలా అయితే నాకేం మిగులుతుంది అంటావు. తమ్ముడూ, అసలు జబ్బు అదే. నువ్వు మీ వాళ్లకి అడుగు లెక్కన, పాయింట్ లెక్కన డబ్బులిస్తున్నావా రోజు కూలి ఇస్తున్నావా అన్నది రాయలేదు. అడుగు లెక్కన ఇస్తే మాత్రం వాడు పక్కవాడికి మెషీన్ ఇవ్వడు, ఇస్తే వాడి డబ్బు తగ్గుతుంది కాబట్టి. టీకి కూడా ఆగడు. నేను ఒక సైట్‌లో చెయ్యి మారమని రోజూ మొత్తుకునేవాణ్ణి, బోర్డులు పెట్టించా, ఎవడూ మారలేదు, తర్వాత గ్యాంగ్ మొత్తానికి కలిపి గుత్త ఇచ్చి సమానంగా పంచుకోమన్నాం, ఒక్క వారంలో వాళ్లే టైం చూసుకుని మారడం మొదలెట్టారు. బోర్డు చేయలేని పని కూలి లెక్క మార్చితే అయ్యింది. నీది ఎలాగూ ఆరుగురి గ్యాంగే, నీకు ఇంకా తేలిక.

గ్లవ్స్ డబ్బు ఎక్కడ పెట్టాలో ఇప్పుడు చెప్తా. చిజిల్స్ పొద్దున నాలుగు పదునైనవి రెడీగా పెట్టు, మొద్దుబారింది మొద్దుబారినట్టు మార్చేయాలి, మొద్దు చిజిల్‌తో కొడితే కాంక్రీట్ పగలదు, దెబ్బంతా తిరిగి చేతికే వస్తుంది. పదును పెట్టించే ఖర్చు ఎంత, దానికి పీనాసితనం వద్దు. కుర్రాళ్లకి ఇంకోటి చెప్పు, మెషీన్ మీద బరువేసి తొక్కొద్దు, బ్రేకర్ బరువే పని చేస్తుంది, మనం దారి చూపిస్తే చాలు. కొందరు పొట్ట ఆనించి తోస్తారు, ఇంకొందరు చిజిల్ జారకుండా ఎడం చేత్తో చిజిల్‌నే పట్టుకుంటారు, ఆ రెండూ చూస్తే అక్కడికక్కడే ఆపేయ్. ఈసారి కొత్త మెషీన్ కొనేటప్పుడు హ్యాండిల్ దగ్గర ఊపు తగ్గించే స్ప్రింగ్ డ్యాంపర్ ఉన్నది తీసుకో, షాపువాడు జూల్స్ ఎంత వాట్స్ ఎంత అని చెప్తాడు గానీ వైబ్రేషన్ ఎంత అని నువ్వే అడగాలి, అడిగితే కాస్త వింతగా చూస్తాడు, పర్లేదు.

ఇంకా మంచిది అసలు కొట్టకపోవడమే. బాత్రూం స్లాబ్‌లో పైపుకి రంధ్రం చేయాలంటే బ్రేకర్ ఎందుకు, స్టాండ్‌కి బిగించిన కోర్ కటింగ్ మెషీన్‌తో తియ్యి, దాంట్లో చేతికి ఊపు చాలా తక్కువ. ప్లంబింగ్ వాళ్లు స్లాబ్ వేయకముందే స్లీవ్ (పైపు పోవడానికి గొట్టం ముక్క) పెట్టి ఉంటే ఆ రంధ్రమూ అక్కర్లేదు, సైట్ ఇంజనీర్‌తో నీకు చనువుంటే తర్వాత టవర్‌కైనా ఈ మాట చెవిన వెయ్యి. ప్లాస్టరింగ్‌కి ముందు పిల్లర్లకి, బీములకి గాట్లు పెట్టిస్తారు కదా, రోజుల తరబడి చిప్పింగ్, దాని బదులు బాండింగ్ కెమికల్ పూయడమో, పల్చటి సిమెంట్ ఇసుక విసిరి గరుకు కోటింగ్ వేయడమో చేస్తున్నారు చాలా చోట్ల. నీ గుత్తలో కొంత పోతుంది, నిజమే, కాకపోతే ఆ కోటింగ్ పని కూడా నువ్వే పట్టొచ్చుగా.

ఇక ఇయర్ ప్లగ్స్. హారన్ వినపడదు అనేది ప్రతి సైట్‌లో విన్నాను. ఓసారి టిప్పర్ రివర్స్ వస్తోంది, బ్రేకర్ కొట్టే మనిషి వీపు అటు పెట్టి ఉన్నాడు, హారన్ మోగుతోంది, హెల్పర్ అరుస్తున్నాడు, నేను కూడా అరిచా, లాభం లేక నేల మీద మట్టిబెడ్డ తీసి వాడి హెల్మెట్‌కి తగిలేలా విసిరా, అప్పుడు తిరిగాడు. వాడి చెవిలో ప్లగ్ లేదు. బ్రేకర్ మోతే హారన్‌ని మింగేస్తుంది, ప్లగ్ పెట్టినా పెట్టకపోయినా. అందుకని బ్రేకర్ దగ్గర బండి రాకుండా డ్రమ్ములు పెట్టు, లేదంటే టేపు కట్టు, ఒక మనిషిని స్విచ్ బోర్డు దగ్గర పెట్టు, పిలవాల్సి వస్తే అరవడం కాదు, స్విచ్ ఆపేయడమే, వెనక నుంచి భుజం మీద చెయ్యి వేయొద్దు, ఉలిక్కిపడితే చిజిల్ కాలి మీదకొస్తుంది. చెవిలో ప్లగ్ పెట్టుకునే చేస్తే బాబాయికి ఈ పని బ్రహ్మాండంగా సరిపోతుంది.

ప్లగ్ పెట్టే పద్ధతి మనవాళ్లకి ఎవరూ నేర్పరు, చేతికిచ్చి సంతకం తీసుకుంటారు అంతే. ముందు చెయ్యి కడుక్కోవాలి, సిమెంట్ చేత్తో నలిపితే అదంతా చెవిలోకే. ఫోమ్ ప్లగ్‌ని మూడు వేళ్లతో బీడీ చుట్టినట్టు ముడత పడకుండా సన్నగా చుట్టాలి, కుడి చెవికి పెట్టాలంటే ఎడం చేతిని తల మీంచి తీసుకెళ్లి చెవి పైకొనని పైకీ వెనక్కీ లాగాలి, అప్పుడు దారి తిన్నగా అవుతుంది, లోపలికి తోసి అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి, అది ఉబ్బి పట్టుకుంటుంది. సరిగ్గా కూర్చుంటే తన గొంతు తనకి కుండలోంచి మాట్లాడినట్టు వినపడుతుంది. సగం బయటికి వేలాడుతుంటే అది లోలాకు, ప్లగ్ కాదు. దూది అస్సలు పనికిరాదు, ఇయర్‌ఫోన్లో పాటలు పెట్టుకోవడం అంటే మోత మీద మోత. హెల్మెట్‌కి బిగించే, చెవి మొత్తం మూసే మఫ్స్ కూడా బానే ఉంటాయి, తీసి పెట్టుకోవడం తేలిక, ఎండకి చెమట పోస్తాయి అంతే. ప్యాకెట్ మీద 30 డెసిబెల్స్ తగ్గిస్తుంది అని రాసుంటుంది, సైట్‌లో అందులో సగం దక్కితే గొప్ప.

అన్నిటికంటే ముఖ్యం, మోత ఉన్నంతసేపూ ఉంచాలి. 30 తగ్గించే ప్లగ్‌ని పదింట ఒక వంతు టైం తీసేస్తే, అంటే 8 గంటల మోతలో ఓ 48 నిమిషాలు ఫోన్ వచ్చిందనో బీడీ కోసమనో తీసి అక్కడే నిలబడితే, ఆ రోజు మొత్తానికి దక్కేది 10 మాత్రమే. ఫోన్ వస్తే ప్లగ్ తీయడం కాదు, అక్కణ్ణుంచి దూరంగా పోయి తీయాలి. బయట ఖాళీ జాగాలో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది, అందుకని మెషీన్‌తో పని లేని వాళ్లని కూడా దాని పక్కన కూర్చోనివ్వకు, చెత్త ఎత్తే ఆడమనిషికి ట్రిగ్గర్ మీద చెయ్యి ఉండదు, మోత మాత్రం అంతే పడుతుంది. వాళ్లకి ప్లగ్స్ ఇచ్చావా, నీ లెక్క ఆరుగురితో ఆగిందా?

ఇంకో సంగతి చెప్తే నవ్వుతావు. రెసిడెన్షియల్ ఏరియాల్లో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మోత చేసే కన్‌స్ట్రక్షన్ మెషీన్లు వాడకూడదని రూల్ ఉంది, ఎదురు అపార్ట్‌మెంట్ వాళ్లు నిద్ర పట్టక 100కి ఫోన్ చేస్తారు, పోలీసులు వస్తారు, పని ఆగుతుంది. యాభై మీటర్ల దూరంలో ఉన్నవాడి నిద్రకి అంత బలం ఉంది, మెషీన్ పట్టుకున్నవాడి చెవి గురించి మాత్రం ఫోన్ చేసినవాణ్ణి నేను చూడలేదు.

కాగితాల మాట. మోత వల్ల వినికిడి పోతే అది పని వల్ల వచ్చిన జబ్బుల లిస్టులో ఉంది, నష్టపరిహారం అడగొచ్చు, అందుకే ఆడియోమెట్రీ రిపోర్టు, బాబాయి ఏ ఏడాది ఏ సైట్‌లో చేశారో ఒక నోట్‌బుక్, రెండూ జాగ్రత్త. మీ ఆరుగురికీ భవన నిర్మాణ కార్మికుల కార్డులు లేకపోతే చేయించు, 18 నుంచి 60 ఏళ్ల లోపు, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసి ఉంటే చాలు. మిగతా ఐదుగురికి కూడా ఇప్పుడే ఓ టెస్టు చేయించి పెట్టుకో, ముఖ్యంగా కొత్తగా చేరిన కుర్రాళ్లకి, రేపు తగ్గిందా లేదా అనేది ఆ మొదటి కాగితంతోనే తెలుస్తుంది.

ముందుగా నీ దగ్గరున్న మెషీన్ల మీద మోడల్ నంబర్ ప్లేట్లుంటాయి కదా, అవి తుడిచి ఫోటోలు తీసి పంపు. ఏ మెషీన్‌కి మనిషికి ఎన్ని నిమిషాలో లెక్క వేసి పంపిస్తా, అది ఆ మెషీన్ మీదే పెయింట్‌తో రాయించు, తుడిచిపోకుండా.